వెల్లుల్లి వాసన వేసిన మైదా

కొత్తగా ఫుడ్ ఇన్‌స్పెక్టర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. మీ రోజుల్లో ఈ మిషన్లేవీ లేవు కదా, కల్తీని ఎట్లా పట్టుకునేవారని అడుగుతారు. కళ్ళతో, నాలుకతో, ముఖ్యంగా ముక్కుతో అని చెబుతాను. మర్యాదకు తలూపి, టీ తాగి వెళ్ళిపోతారు. నా ముక్కు మంచిదే. అది చెప్పిన మాట ఒక్కసారి నేను వినకపోతే ఏం జరిగిందో మాత్రం వాళ్ళకెప్పుడూ చెప్పలేదు. వయసైపోతోంది. ఇక చెప్పేయడం మంచిది.

అరవైల మొదటి సంవత్సరాలు. నెల్లూరు కోస్తాలో ఒక చిన్న మునిసిపాలిటీలో నేను శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. ఇరవై ఆరేళ్ళ వయసు, ఒక సైకిలు, ఒక లాక్టోమీటరు. పొద్దున్నే పాలక్యాన్లు చూడటం, కాలవలు తీయించడం, కలరా సూదులు వేయడం, చచ్చిన కుక్కల్ని ఎత్తించడం, అన్నీ నా పనులే. కల్తీ నిరోధక చట్టం వచ్చాక శాంపిళ్ళు తీసే పని కూడా నా నెత్తినే వేశారు. పాలవాళ్ళు నన్ను దూరం నుంచే చూసి సందు మార్చేవాళ్ళు. అది చూసి నేను చాలా గొప్పవాణ్ణని అనుకునేవాణ్ణి.

మా హెల్తాఫీసరు యుద్ధంలో బర్మా దాకా వెళ్ళొచ్చిన డాక్టరు. ఆయన ముందు 'బహుశా' అన్న మాట వాడకూడదు. "తెలుసా, తెలీదా? రెంటిలో ఒకటి చెప్పు" అనేవాడు. నా వెంట ఎప్పుడూ ఉండే మనిషి మా అటెండరు. యాభై దాటినవాడు, చర్చిలో పాటలు పాడతాడు. ఊళ్ళో ఏ వీధిలో ఏ కొట్టుకి వెనక తలుపుందో ఆయనకు తెలుసు. సీసాలు, లక్క, కొవ్వొత్తి, దారం ఉన్న గుడ్డసంచి ఆయన భుజానే ఉండేది. ఉద్యోగంలో నేను పెద్ద, వయసులో ఆయన పెద్ద. ఆయన నన్ను సార్ అనేవాడు, నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి.

క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు. వారం నుంచి ముసురు. ఆ పొద్దున నూనె కొట్ల మీద పడి, తెచ్చుకున్న సీసాలన్నీ నింపేశాం. ఒక్కో శాంపిలుకి మూడు సీసాలు: ఒకటి కొట్టువాడికి, ఒకటి ల్యాబుకి, ఒకటి మాకు. తిరిగి వస్తూ బజారు చివర పిండి, పప్పులు అమ్మే కొట్టు దగ్గర వానకు నిలబడ్డాం. పండగ నెల కాబట్టి మద్రాసు నుంచి మైదా దిగింది. బస్తాలు గోడవారగా పేర్చి ఉన్నాయి. కింది వరుసలో కొన్నిటి మీద పెద్ద పెద్ద తడి మరకలు.

అలవాటుగా వంగి వాసన చూశాను. వెల్లుల్లి. దాని కింద ఇంకేదో, కిరసనాయిలు లాంటిది.

"ఇదేంది, మైదా వెల్లుల్లి వాసనేస్తోంది?" అని కొట్టాయన్ని అడిగాను.

"లారీలో రకరకాల సరుకు వచ్చింది సార్. చిల్లకూరు కాడ వానకి తడిసినాయంట. ఎండ రానీయండి, ఆరబెట్టిస్తా" అన్నాడాయన. దాచిపెడుతున్న మనిషి ముఖంలా లేదు.

మా అటెండరు కూడా వంగి చూశాడు. "ఏందో ఘాటుగా ఉండాది సార్. ఆఫీసుకి పోయి సీసాలు తెచ్చేదా?"

అప్పటికి ఒంటిగంట దాటింది. ఆకలి. ఆఫీసు ఊరికి ఆ చివర, పైగా వాన. "రేపు చూద్దాంలే అన్నా" అన్నాను. కొట్టాయనతో "ఆరబెట్టకుండా అమ్మొద్దు" అని మాత్రం గట్టిగా చెప్పి, ఏదో చేసినట్టే అనుకుని, గొడుగు విప్పి ఇంటికి పోయాను. ఆ మధ్యాహ్నం కమ్మగా భోంచేసి నిద్రపోయాను కూడా.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి ఆస్పత్రి నుంచి సైకిలు మీద మనిషి వచ్చాడు. హోటల్లో పూరీలు తిన్నవాళ్ళు వరసబెట్టి వచ్చి పడుతున్నారట. హెల్తాఫీసరు చొక్కా గుండీలు పెట్టుకుంటూనే జీపెక్కాడు. నేనూ, అటెండరూ వెనక కూర్చున్నాం. దారిలో ముగ్గురం కలరా గురించే మాట్లాడుకున్నాం.

ఆస్పత్రి వరండాలో చాపల మీద పది పన్నెండు మంది ఉన్నారు. వాంతులు, మెలికలు. అక్కడి లేడీ డాక్టరు వయసులో నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. మమ్మల్ని చూసి పలకరింపు కూడా లేకుండా మాట్లాడింది.

"కలరా కాదు సార్. వాంతులు సరే, కానీ ఈ చొంగ చూడండి, ఈ చెమట చూడండి. కంటిపాపలు చూడండి, ఆవగింజంత అయిపోయాయి. పైరుకి కొట్టే మందు తాగినవాళ్ళని రెండుసార్లు చూశాను. అచ్చం ఇట్లాగే ఉంటారు."

"ఇంతమంది ఒకేసారి పురుగుమందు తాగుతారా?" అన్నాడు హెల్తాఫీసరు.

"పూరీల్లో ఉంటే తాగనక్కర్లేదు కదా. అయితే నన్ను తికమక పెడుతున్నది ఇతను." ఆమె మూలన ఉన్న మనిషిని చూపించింది. బజారులో బస్తాలు మోసే కూలీ. నాకు ముఖపరిచయం ఉన్నవాడే. గుండె ఎగిసిపడుతోంది, నోటి వెంట నురుగు. "ఇతను హోటలు గడప తొక్కలేదట. ఇంట్లో సద్దన్నం తిని వచ్చాడట. మరి ఇతనికెందుకు?"

ఆమె అతని చొక్కా ముందే విప్పించింది. అది బకెట్లో పడి ఉంది. కర్రతో ఎత్తి నా వైపు చాపింది. "మీరు వాసనలు పట్టేవాళ్ళు కదా, చూడండి."

వెల్లుల్లి.

వెనక్కి తిరిగి చూస్తే మా అటెండరు నన్నే చూస్తున్నాడు.

"సార్," అన్నాను హెల్తాఫీసరుతో, "నిన్న మధ్యాహ్నం ఈ వాసన మైదా బస్తాల మీద చూశాను."

"చూసి?"

"వదిలేశాను."

ఆయన మీసం ఒకసారి కదిలింది. "దాని సంగతి తర్వాత. ఇప్పుడు ఆ బస్తాలు ఎక్కడున్నాయి?"

ఆ ప్రశ్నకి జవాబు మూలన పడుకున్న కూలీ దగ్గరుంది. డాక్టరమ్మ అతనికి సూది వేసి పది నిమిషాలైంది. నేను పక్కన కూర్చుని, అతని నోటి దగ్గర చెవి పెట్టి అడిగాను. తడిసిన బస్తాలు నిన్న సాయంత్రం ఎక్కడెక్కడికి మోశావని.

"తడివి అయిదు సార్," అన్నాడు, ముక్క ముక్కగా. "మోస్తే వీపు మండింది... అందుకే గురుతు. ఒకటి హోటలుకి. ఒకటి బేకరీకి. రెండు కొట్లోనే ఉండాయి. ఇంకోటి... బండిలో ఏసినా. విడవలూరు అవతల కిరస్తానం పల్లె. పండగ పిండంట."

మేము లేచి నిలబడేలోపే వరండాలో ఒక ఏడుపు లేచింది. హోటల్లో పిండి కలిపే ఆమె పోయింది. చేతులతో పిండి పిసికిందీ ఆమే, మొదటి వాయి రుచి చూసిందీ ఆమే. పక్కన ఒకాయన పాత గొడుగు ఒకటి ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆమె భర్త అని తర్వాత తెలిసింది.

అక్కణ్ణుంచి మధ్యాహ్నం దాకా మేము నడవలేదు, పరిగెత్తాం. కొట్టాయనకి విషయం చెప్పగానే ముఖం పాలిపోయింది. ఆ పిండే రెండు శేర్లు తన ఇంటికి కూడా పంపాడట. చెప్పులు వదిలేసి వీధిలో పడి ఇంటివైపు పరిగెత్తాడు. అదృష్టం, వాళ్ళింట్లో ఇంకా డబ్బా మూత తీయలేదు. కొట్లో ఉన్న రెండు బస్తాలకి, హోటల్లో మిగిలిన పిండికి సీలు వేశాం. ఈసారి సీసాలు నా చేతిలోనే ఉన్నాయి. బేకరీలో కేకుల పిండి కలిపి, రేకుల్లో పోసి, పొయ్యిలో పెట్టబోతున్నారు. బేకరీ యజమాని అడ్డం నిలబడ్డాడు, పండగ ముందు నా పొట్టకొడతారా అన్నాడు. మా హెల్తాఫీసరు ఏమీ వాదించలేదు. "ఒక రేకు కాల్చు. మొదటి ముక్క నువ్వు తిను, రెండో ముక్క నీ కొడుక్కి పెట్టు. అప్పుడు మేం వెళ్ళిపోతాం" అన్నాడు. ఆ మనిషి తనే రేకులు ఒక్కొక్కటి ఎత్తి తెచ్చి, మేం పెరట్లో తవ్వించిన గుంతలో బోర్లించాడు.

మిగిలింది విడవలూరు అవతలి బస్తా.

పోస్టాఫీసుకి పోయి ఫోను అడిగితే, వానకి లైను తెగిందన్నారు. "అది మన మునిసిపాలిటీ హద్దు కాదు సార్. అక్కడ నాకు సీలు వేసే అధికారం కూడా లేదు" అన్నాను.

"హద్దు దగ్గర ఆగమని ఆ బస్తాకి ఎవరూ చెప్పలేదు. జీపు తీసుకుని నువ్వు పో. రేపు ఎవరైనా అడిగితే నేను పంపానని చెప్పు" అన్నాడు హెల్తాఫీసరు.

డాక్టరమ్మ జీపు దగ్గరికి వచ్చింది. రెండు సబ్బు బిళ్ళలు అటెండరు చేతిలో పెట్టింది. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగాలి, కడిగేవాళ్ళు కూడా చేతులు కడుక్కోవాలి అని చెప్పింది. తర్వాత ఒక చిన్న డబ్బా నాకిచ్చింది. సిరంజి, ఆ కూలీకి వేసిన విరుగుడు మందే నాలుగు సీసాలు.

"కలరా సూదులు వేసిన చెయ్యే కదా మీది. చొంగ, చెమట, చిన్న కంటిపాప, మూడూ ఉంటేనే వెయ్యండి. నోరు ఎండిపోతోందని వాళ్ళంతట వాళ్ళు అనాలి, అదే మందు పనిచేసిన గుర్తు. అంతదాకా పావుగంటకి ఒకటి. అర్థమైందా?"

అర్థమైందన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

పెన్న దాటాక వాన పెరిగింది. రెండు వైపులా వరినాట్లు మునిగి, ఎక్కడ రోడ్డో ఎక్కడ పొలమో తెలియడం లేదు. డ్రైవరు ముందు అద్దం మీద చేత్తో తుడుస్తూ నడిపాడు. విడవలూరు దాటి రెండు మైళ్ళు పోయామో లేదో, ఒక తూము మీద నీళ్ళు మోకాలెత్తున పారుతున్నాయి. జీపు మధ్యలోకి పోయి ఆగిపోయింది.

"మీరు పొండి సార్. నేను బండిని ఎట్టో ఒకట్ట ఈ పక్కకి తోసుకొస్తా" అన్నాడు డ్రైవరు.

డబ్బా నెత్తిన పెట్టుకుని దిగాను. అటెండరు పంచె ఎగగట్టి, సబ్బు బిళ్ళలు మొలలో దోపుకున్నాడు. ఇద్దరం కాలవ కట్ట మీద పడి పరిగెత్తాం. ఆయన వయసు మనిషి అట్లా పరిగెత్తడం నేను మళ్ళీ చూడలేదు. బురదలో రెండుసార్లు పడ్డాను. పడ్డ ప్రతిసారీ ఆయనే లేపాడు. పరిగెడుతూ లోపల ఒకటే లెక్క: ఇప్పటికి పిండి కలిపి ఉంటారా, కాల్చి ఉంటారా, తిని ఉంటారా.

పల్లె కనిపించింది. ఇరవై ముప్పై ఇళ్ళు, చివర కొత్తగా సున్నం కొట్టిన చిన్న చర్చి. ఇళ్ళ మధ్య తాటాకు పందిరి. దాని కింద ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుని కజ్జికాయలు ఒత్తుతున్నారు. ఊరందరికీ కలిపి ఒకే చోట చేసుకోవడం వాళ్ళ అలవాటు. పెద్ద మూకుడు దగ్గర ఒక అవ్వ, కజ్జికాయలు నూనెలోంచి తీసే చిల్లుల చట్రం పట్టుకుని నిలబడి ఉంది. అప్పటికే ఒక గంప నిండింది.

"పొయ్యి ఆపండవ్వా. ఆ పిండి ఎవరూ తినకూడదు" అన్నాను, ఊపిరి అందక.

"ఎవురు నాయనా నువ్వు?" అంది ఆమె, చట్రం దించకుండా.

అటెండరు ముందుకొచ్చి చేతులు జోడించాడు. "వందనాలమ్మా. ఈయన శానిటరీ ఇన్‌స్పెక్టరు. టౌను నుంచి వచ్చినాం. ఎవురైనా తిన్నారా, ముందు అది చెప్పమ్మా."

"రేపు తెల్లారి ప్రార్థన అయినాకనే మా కాడ పండగ తిండి. దేవుడికి చెప్పకముందు నేను ఎవుర్నీ ముట్టనిస్తానా?"

నా ప్రాణం కొంచెం కుదుటపడింది. విషయం చెప్పాను. చెబుతుంటేనే వాళ్ళ ముఖాలు గట్టిపడటం చూశాను. ఊరంతా ఏడాది పాటు తలా ఇంత దాచుకుని తెచ్చుకున్న పిండి అది. ఒకామె లేచింది. "పెద్దోళ్ళ ఊళ్ళల్లో పండక్కి కూడా ఇట్టనే పోయి మట్టిలో పొయ్యమంటారా సార్? మా పల్లెకే వస్తారా?" అంది. ల్యాబు నుంచి కాగితం రావాలంటే మూడు వారాలు. ఇక్కడ నాకు అధికారమే లేదు.

"ఒక కజ్జికాయ కోడికి వేసి చూద్దాం" అన్నాను.

అవ్వ తన పెట్టనే తెచ్చింది. కజ్జికాయ అంచు చిదిపి వేశాం. పెట్ట తిన్నది. అందరం చుట్టూ నిలబడ్డాం. పెట్ట రెక్కలు విదిలించుకుంది, అటూ ఇటూ తిరిగింది, ఇంకొంచెం పెడతారా అన్నట్టు నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు పందిరంతా పాకింది.

ఒక నిమిషం నాకే అనుమానం వచ్చింది. కూలీ పొరబడ్డాడేమో. ఈ బస్తా మంచిదేనేమో. 'బహుశా' అన్న మాట ఎంత హాయిగా ఉంటుందో ఆ నిమిషంలో తెలిసింది. నిన్న కూడా అదే హాయి.

"అవ్వా," అన్నాను. "ఈ వాసన నిన్ననే నా ముక్కుకి తగిలింది. సీసాలు తెస్తానని ఈ అన్న అన్నాడు. ఆకలేసి, వానకి బద్ధకించి, రేపు చూద్దాంలే అన్నాను. ఈ పొద్దున ఒకామె పోయింది. నేను నిన్న ఆపి ఉంటే ఈ బస్తా మీ ఊరికి వచ్చేదే కాదు. తప్పు నాది. ఇంకోసారి చూద్దాంలే అనడానికి నాకు ధైర్యం లేదు."

నవ్వు ఆగింది. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. బురద, నీళ్ళు కారుతున్న చొక్కా. చట్రం మూకుడు అంచున పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"వాసన అంటివే. వెల్లుల్లి మాదిరా?"

"అవునవ్వా."

"సంచిలో ఒక మూల పిండి ఉండలు కట్టి ఉండాది. అది ఆ వాసనే ఏసింది. తినేదానికి బాగలేదని పక్కకి తీసినా. చర్చిలో రంగుకాయితాలు అంటించుకోండని పిల్లకాయలకిచ్చినా, జిగురు కాసుకోను."

అటెండరు ఇంకేమీ వినలేదు. సబ్బు బిళ్ళలు పట్టుకుని చర్చి వైపు పరిగెత్తాడు.

"సంచి?" అన్నాను. "ఖాళీ సంచి ఎక్కడ?"

అవ్వ పక్కనున్న ఒక యువతి వైపు తిరిగింది. ఆమె ముఖం తెల్లబోయింది. "మా ఆయన నెత్తిన కప్పుకోని పోయినాడు. వానకి. కాలవ కాడ వల ఏసేదానికి. పొద్దున పోయినోడు ఇంకా రాలా."

అవ్వకి అతను అల్లుడు. ఆమె చట్రం విసిరేసి నాకంటే ముందు కదిలింది.

ఉప్పుకాలవ కట్ట ఊరికి అరమైలు. నేను, అవ్వ, ఆమె కూతురు, ఇంకో నలుగురు మగవాళ్ళు పరిగెత్తాం. దూరం నుంచే కనిపించాడు. కట్ట వాలులో కూర్చుని ఉన్నాడు. గోనెసంచి మూల లోపలికి మడిచి గొప్పిలాగా తల మీద నుంచి వీపు దాకా కప్పుకుని, ముందుకు వాలి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. దగ్గరికి పోతే నోటి నుంచి చొంగ తాడులాగా వేలాడుతోంది. వానకి తడిసిన ముఖం మీద చెమట ఎట్లా తెలుస్తుందనుకుంటారా? చెయ్యి పెడితే తెలిసింది. జిడ్డుగా, వెచ్చగా ఉంది. రెప్ప ఎత్తి చూశాను. కంటిపాప ఆవగింజంత.

మూడూ ఉన్నాయి.

సంచి లాగి అవతల పారేశాం. చొక్కా చింపేశాం. సబ్బు అటెండరు దగ్గరుంది, కాలవ నీళ్ళే దోసిళ్ళతో పోశాం. డబ్బా తెరిచాను. మొదటి సూది వేశాను. అందరూ నా ముఖమే చూస్తున్నారు. నాకు గడియారం లేదు. ఒక మనిషి నోటితో అంకెలు లెక్కపెట్టాడు. పావుగంటైందని అతనంటే రెండోది వేశాను. అల్లుడి ఊపిరి గురగురమంటూనే ఉంది. అవ్వ అతని తల ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తోంది. మధ్యలో ఆపి "ఇంకోటి ఏస్తావా నాయనా?" అని అడుగుతోంది, మళ్ళీ ప్రార్థనలోకి పోతోంది.

మూడోది వేసి, సిరంజి చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. మిగిలింది ఒక్కటే. గురగుర తగ్గినట్టు అనిపించింది. నిజమో, నా ఆశో తెలియలేదు. అతను పెదవులు కదిపాడు. భార్య చెవి దగ్గర పెట్టింది.

"నీళ్ళడగతుండాడు," అంది. "నోరెండిపోతా ఉండాదంట."

నా జీవితంలో అంత అందమైన మాట నేను వినలేదు. లేచి కట్ట మీద నిలబడ్డాను. ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను. అవ్వ నా భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయలేదు.

నులకమంచం తెచ్చి అతన్ని దాని మీద పడుకోబెట్టి ఊళ్ళోకి మోసుకొచ్చాం. చర్చి ముందు బావి దగ్గర మా అటెండరు ముప్పై మంది పిల్లల్ని వరసలో నిలబెట్టి మోచేతుల దాకా సబ్బు పూసి కడిగిస్తున్నాడు. పేచీ పెట్టకుండా ఉండటానికి వాళ్ళ చేత క్రిస్మస్ పాట పాడిస్తున్నాడు. పాట ఒక చరణం, చేతులు ఒకసారి. ఇద్దరు పిల్లలు వాంతి చేసుకున్నారు, వాళ్ళని కూడా మాతో తీసుకుపోయాం. అంటించిన రంగుకాయితాలన్నీ ఊడదీసి కుప్ప పోశారు. చర్చి గోడలు మళ్ళీ తెల్లగా బోసిగా అయిపోయాయి.

మేం బయల్దేరేముందు అవ్వ పందిరి కిందికి వచ్చి ఒకే మాట అంది. "అంతా గుంతలో పొయ్యండి. మూకుడు నూనె కూడా." అందరూ లేచి గంపలెత్తారు. కజ్జికాయల్లో పెట్టడానికి దంచిన కొబ్బరి, బెల్లం, పుట్నాలు వేరే గంపలో ఉన్నాయి. అది మంచిదే కదా అని ఒకామె నన్ను అడిగింది. వాసన చూశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మంచిదే అన్నాను. మర్నాడు వాళ్ళు అన్నంలో ఆ కొబ్బరి బెల్లమే కలుపుకుని పండగ చేసుకున్నారని తర్వాత తెలిసింది.

డ్రైవరు జీపుని తూము అవతలికి తెచ్చి పెట్టాడు. అల్లుణ్ణి మంచం మీదే అక్కడిదాకా మోసి, జీపెక్కించి, చీకటి పడకముందే ఆస్పత్రికి చేరాం. అల్లుడు బతికాడు, పిల్లలిద్దరూ బతికారు. బస్తాలు మోసిన కూలీ కూడా బతికాడు. హోటల్లో పిండి కలిపిన ఆమె తప్ప అందరూ బతికారు. లారీలో మైదా బస్తాల మీద పురుగుమందు డబ్బాలు పెట్టారని, దారి గుంతల్లో ఒకటి పగిలి కారిందని విచారణలో తేలింది. వెల్లుల్లి ఆ లారీలో లేనే లేదు. అది ఆ మందుకే ఉండే వాసన.

నేను రిపోర్టు రాయాలి. ముందురోజు వాసన చూసి వదిలేశానన్న వాక్యం కూడా రాశాను. మా హెడ్ క్లర్కు మంచి మనిషి. కాగితం చదివి, కళ్ళజోడు తీసి, "ఈ లైను అక్కర్లేదబ్బాయ్. నిన్నెవరూ అడగలేదు. సర్వీసంతా నీ వెంట వస్తుంది" అన్నాడు. ఆ కాగితం హెల్తాఫీసరు దగ్గరికి తీసుకుపోయాను, ఆయన కొట్టేస్తాడేమోనన్న ఆశ లోపల లేకపోలేదు. ఆయన చదివాడు. ఆ వాక్యం దగ్గర ఆగాడు. "దీంట్లో 'బహుశా' లేదు" అని సంతకం పెట్టాడు. హెడ్ క్లర్కు చెప్పింది నిజమే. సర్వీసు రిజిస్టరులో నా పేరు మీద మందలింపు ఎక్కింది. నాతో చేరినవాళ్ళు నాకంటే ముందు పెద్ద కుర్చీల్లో కూర్చున్నారు. సీసాలు లేకుండా బయటికి వెళ్ళడం మాత్రం నేను మళ్ళీ చేయలేదు.

ఇంకో పని మిగిలింది. దాన్ని నెల రోజులు దాటేశాను. చివరికి ఒక సాయంత్రం పోయాను.

పోయినామె భర్త బజారు మలుపులో గొడుగులు బాగుచేసేవాడు. పైన గోనెపట్టా కట్టుకుని దాని కింద కూర్చున్నాడు. ఆ రోజూ చినుకులే. నేను ఎవరో ఆయనకి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. ఊచ ఒకటి వంచుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"మీరు ముందురోజే చూసినారంట సార్. నిజమేనా?"

"నిజమే."

"ఆ రోజే ఆపి ఉంటే?"

దారిలో ఎన్నో జవాబులు తయారుచేసుకుని వచ్చాను. లారీ సంగతి, వాన సంగతి, ఎవరూ ఊహించలేని సంగతి. అవన్నీ వదిలేశాను.

"బతికి ఉండేది," అన్నాను.

ఆయన చేతిలో ఊచ ఆగింది. దెబ్బ కొట్టినా సరేనని నిలబడ్డాను.

"హోటలాయన వచ్చినాడు. కొట్టాయన వచ్చినాడు. లారీ ఓనరు మనిషిని పంపించినాడు," అన్నాడు. "అందరూ ఏడిచినారు సార్. ఈ మాట మాత్రం ఎవురూ అనలా."

తను కూర్చున్న పీట మీద నుంచి పక్కకి జరిగాడు. పట్టా కింద ఇంకొకరికి సరిపోయేంత చోటు చేశాడు.

"వానలో నిలబడొద్దు. ఇట్టా వచ్చి కూర్చోండి."